గడ్డకట్టిన కప్ప, నలభైమంది సైనికులు

చలికాలంలో అలాస్కా అడవుల్లో మంచు కింది ఎండుటాకులు తొలగిస్తే, గులకరాయిలా బిగుసుకుపోయిన కప్ప ఒకటి దొరకవచ్చు. గుండె కొట్టుకోదు, ఊపిరి ఆడదు. ఒంట్లోని నీళ్లలో మూడింట రెండు వంతులు మంచే. దాన్ని వుడ్ ఫ్రాగ్ అంటారు. ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర పరిశోధకులు కనిపెట్టి చూసిన కప్పలు దాదాపు ఏడు నెలలు అలాగే పడి ఉండి, మైనస్ 18 డిగ్రీల చలిని కూడా తట్టుకుని, వసంతంలో లేచి గెంతాయి. ఆ వివరాలు 2014లో అచ్చయ్యాయి.

కిటుకంతా కాలేయంలో ఉంది. చర్మానికి తొలి మంచు పలుకు తగలగానే అది దాచుకున్న గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి కుమ్మరిస్తుంది. షుగరు డాక్టరు చూస్తే హడలిపోయేంత చక్కెర! నీళ్లు కణాల బయటే గడ్డకడతాయి. లోపల మిగిలేది ముదురుపాకం.

చెట్లదీ ఇంచుమించు ఇదే దారి. చలి ముదిరేకొద్దీ కణాల్లోని నీటిని బయటికి వదిలి, లోపల చక్కెరలు పెంచుకుంటాయి. జపాన్ శాస్త్రవేత్త అకిరా సకాయి కొన్ని చెట్ల రెమ్మల్ని ముందు మెల్లమెల్లగా చల్లబరిచి, ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచాడు. అవి బతికే ఉన్నాయని 1960లో ప్రకటించాడు.

ఈస్టరు ప్రసంగానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది అనిపిస్తుంది. ఈ అలవాటు పాతదే. మొదటి శతాబ్దం చివర్లో రోము నుంచి కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో క్లెమెంతు పునరుత్థానానికి గుర్తుగా ఫీనిక్స్ పక్షిని చూపించాడు. నాలుగో శతాబ్దంలో కైసరియ బిషప్ బాసిల్, ఆరు దినాల సృష్టి మీద చేసిన ప్రసంగాల్లో, పట్టుపురుగును చూపించాడు. కానీ ఫీనిక్స్ లేనే లేదు, పట్టుపురుగు చావనే లేదు. కప్ప కూడా అంతే. దాని కణాలు ప్రాణంతోనే ఉంటాయి. లాజరు సమాధి దగ్గర నాలుగో రోజున వాసన వస్తుందని మార్త అడ్డుపడిన సంగతిని యోహాను సువార్త దాచిపెట్టలేదు. ఆ వాసన లేనిచోట పునరుత్థానమనే మాట వాడటం తొందరపాటే.

పరిశుద్ధ గ్రంథం చలి గురించి మాట్లాడే తీరు కూడా ప్రసంగీకులకు అంత సులువుగా లొంగదు. యోబు 38వ అధ్యాయంలో దేవుడు మంచు గడ్డను ఎవరు కన్నారని అడుగుతాడు, జవాబు మాత్రం చెప్పడు. 147వ కీర్తన మంచును ఉన్నితో పోలుస్తుంది. ఆ వెంటనే, దేవుడు పంపే చలికి నిలవగలవాడెవడని అడుగుతుంది. కప్ప నిలుస్తుంది సరే, నిలవలేనివాళ్ల మాటేమిటి?

బాసిల్‌కు ఆ ప్రశ్న కొత్తది కాదు. పట్టుపురుగును మెచ్చుకున్న ఆయనే, సెబాస్తె నలభైమంది హతసాక్షుల స్మారక దినాన మరో ప్రసంగం చేశాడు. సుమారు 320లో, నేటి తుర్కియేలోని సివాస్ ఊళ్లో, క్రీస్తును కాదనని నలభైమంది రోమన్ సైనికుల్ని రాత్రంతా గడ్డకట్టే చలిలో బట్టల్లేకుండా నిలబెట్టారు. చెరువు మీద నిలబెట్టారనీ, ఎదురుగా ఒడ్డున వేడినీళ్ల స్నానశాల తెరిచి ఉంచారనీ చెప్పుకుంటారు. ఆ ప్రసంగంలో బాసిల్ చలికి రక్తం పేరుకోవడం, ఒళ్లు నీలం తిరగడం, పళ్లు కొట్టుకోవడం ఒక్కొక్కటిగా, వైద్యుడిలా వర్ణిస్తాడు. వాళ్ల కాలేయాలు కప్ప కాలేయం చేసిన పని చేయలేదు. ఆ లోటును ఆయన కప్పిపుచ్చలేదు. సృష్టిలో దేవుని పోషణను పొగిడిన నోటితోనే, ఆ పోషణ అందక బిగుసుకుపోయిన దేహాల గురించీ చెప్పాడు. ఒకటి రెండోదాన్ని కొట్టివేస్తుందని ఆయన అనుకున్నట్టు లేదు.

రష్యాలో పాత క్యాలెండరు ప్రకారం ఆ నలభైమంది పండుగ మార్చి 22న వస్తుంది. ఊళ్లలో ఇంకా మంచు కరగని ఆ రోజున, ఇళ్లలో భరత పక్షి ఆకారంలో రొట్టెలు కాల్చి, కళ్లకు ఎండుద్రాక్షలు గుచ్చి, పిల్లల చేతికిస్తారు.