మాండోవి మీద పందెం

ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి గోడు ఉంది. పాచికల మోజులో పడి ఆలికి దూరమై, అప్పులపాలై, చీకటి పడ్డాక పరాయి ఇళ్ల చుట్టూ తిరిగే మనిషి మొర అది. చివర్లో అతనికి దొరికే సలహా ఏమంటే, పాచికలు పారేసి సేద్యం చేసుకొమ్మని. సలహా మంచిదే. కాకపోతే ఆ ఋషి మా పత్తికొండ వైపు చేలు చూసి ఉండడు. చూసి ఉంటే ఆ రెంటికీ నడుమ అంత గట్టి గీత గీసేవాడు కాదేమో.

గోవాలో, మాండోవి నదిలో లంగరేసిన కేసినో ఓడలో కూర్చున్నప్పుడు నాకు ఈ సూక్తమే గుర్తుకొచ్చింది. మా వైపు నుంచి గోవా పోయేవాళ్లలో సముద్రం కోసం పోయేవాళ్లు కొందరైతే, ఓడ కోసం పోయేవాళ్లు ఇంకొందరు. డోన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి దాటించి వాస్కోలో దించుతుంది. మేమిద్దరం పోయింది సముద్రం కోసమే. అయితే పొద్దుగూకాక పణజి ఒడ్డున నిలబడితే, నీళ్ల మీది ఆ దీపాల మేడలు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు. "పోయి చూసొద్దాం పాండి. తిండైతే పెడతారంట కదా" అన్నది మా ఆవిడే. ఆమెది కడప జిల్లా, వేంపల్లె పక్కన పల్లె.

గోవాలో జూదానికి దారి ఎట్లా ఏర్పడిందో చూస్తే మనిషి తెలివి మీద గౌరవం కలుగుతుంది. 1976 నాటి జూద నిషేధ చట్టాన్ని అట్లాగే ఉంచి, 1992లో దానికొక సెక్షన్ తగిలించి అయిదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాల ఆటలకు వీలిచ్చారు. 1996లో ఇంకో సవరణతో ఓడల్లో బల్ల ఆటలకూ గేటు తీశారు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులు మాత్రం కేసినోల్లో ఆడకూడదని అక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. తమవాళ్లకు చెరుపు చేసేది వచ్చిపోయేవాళ్లకు చేయదని కాబోలు. ఆ ఓడలకు ఎదురుగా ఒడ్డున ఉన్నది బిజాపూర్ ఆదిల్‌షాహీల పాత కోట. మా కర్నూలులో హంద్రీ ఒడ్డున గుమ్మటం కింద పడుకున్న అబ్దుల్ వహాబ్ కూడా ఆ సుల్తానుల తరఫున ఏలినవాడే. ఇక్కడికి అక్కర్లేని ముచ్చటే. కానీ పరాయి ఊళ్లో మన ఊరి చుట్టం ఎదురైతే పలకరించకుండా పోలేం.

లోపల అందర్ బాహర్ బల్ల దగ్గర గుంపు ఎక్కువ. మా పల్లెల్లో చింతచెట్ల కింద పోలీసులకు భయపడుతూ ఆడే లోపల-బయటే ఇది. ఇక్కడ పచ్చగుడ్డ పరిచారు, ముక్కలు వేసే అమ్మాయికి టై కట్టారు, అంతే తేడా. నడుమ ఒక ముక్క తిప్పి పెడతారు. ఆ తర్వాత లోపలికొకటి, బయటికొకటి వేస్తూ పోతారు. నడుమ ముక్కకు జోడీ ఏ వైపు పడితే ఆ వైపు గెలుపు. చూడ్డానికి సగానికి సగం ఆట. నిజానికి మొదటి ముక్క పడే వైపుకు కొద్దిగా మొగ్గు ఉంటుంది. అందుకే చాలాచోట్ల ఆ వైపు గెలిచినవాడికి రూపాయికి రూపాయి ఇవ్వరు, పదో వంతు కోసుకుంటారు. రౌలెట్ లెక్క ఇంకా సూటి. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లు. అన్నిటి మీదా తలా ఒక రూపాయి పెడితే పెట్టింది 37, చేతికొచ్చేది 36. ఆ మిగిలిన రూపాయి మీదే ఓడ, దీపాలు, డాన్సులు, మేం తింటున్న పనీర్ కూర అన్నీ నడుస్తున్నాయి.

పక్కన తెర మీద అంతకుముందు పడిన అంకెలు వరసగా మెరుస్తుంటాయి. నలుపు అయిదుసార్లు వచ్చింది కాబట్టి ఇక ఎరుపేనని జనం బిళ్లలు జరుపుతుంటారు. 1913 ఆగస్టులో మాంటే కార్లోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపే, ఇక ఎరుపే అని కాసినవాళ్లు కుప్పకూలారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు. ప్రొద్దుటూరు వైపు మట్కా చీటీలు రాయించుకునేవాళ్లకూ ఇదే జబ్బు. నిన్నటి అంకె, కలలో కనిపించిన అంకె, ఎదురొచ్చిన బండి నంబరు. రూపాయికి ఎనభై అంటాడు బీటరు. నూరింటిలో ఒకటి తగలాలన్న సంగతి మాత్రం ఎత్తడు.

మా ఆవిడ ఆడలేదు. టికెట్టుతో పాటు ఇచ్చిన బిళ్లలు డబ్బుగా మారవు, ఆడి తీరాల్సిందే. వాటిని నా చేతిలో పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చుంది. చాలాసేపు చూశాక అన్నది: "అందరూ ఆడతాండారు గానీ, ఈ బల్ల పెట్టినోడు మాత్రం ఆడ్డం లేదు చూడండి. మా రిగ్గోడు గూడా ఇంతే గదా."

ఈ మాట అర్థం కావాలంటే ఆమె పుట్టింటి చీనీ (బత్తాయి) తోట తెలియాలి. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటగానే మామ బోరు వేయించడానికి రిగ్గు పిలిపించేవాడు. ఆ బండ్లు ఎక్కువగా తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చేవి. అంతకుముందే పాయింట్ చూసేవాడు వస్తాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ నిక్కబొడుచుకున్న చోట గుర్తు పెడతారు. ఇక రాత్రంతా మోత. గుంతలోంచి బూడిదరంగు రాతిపొడి ఎగజిమ్మి చీనీ ఆకుల మీద పేరుకునేది. అడుగుకింత అని రేటు, లోతు పోయేకొద్దీ ఆ రేటూ పెరుగుతుంది. ఆపేస్తే ఇప్పటిదాకా పెట్టింది పోయినట్టే. ఇంకో యాభై అడుగులు పోతే పడొచ్చు. ఆ ఇంకో యాభై కోసమే మామ తెల్లవార్లూ గట్టు మీద కూర్చునేవాడు. నీళ్లు పడినా పొడి లేచినా రిగ్గువాడి అడుగులు రిగ్గువాడివే. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం నడుములు వంచేవాళ్ల సంగతి కూడా ఇంతే. వాళ్లకు దొరికితే కొని బాగుపడే వ్యాపారి, దొరక్కపోతే పైసా నష్టపోడు.

1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఆట అంది. ఏ ముక్క పట్టుకోవాలో, ఏది వదలాలో గుర్తు పెట్టుకుని ఆడాలి కనుక. అదే కొలత మా వానాధారపు బుడ్డల (వేరుశనగ) సేద్యానికి పెట్టి చూడాలని నాకెప్పటి నుంచో కోరిక. విత్తనం, పదును, కలుపు, పురుగు, అన్నిటికీ నైపుణ్యం కావాల్సిందే. ఊడలు దిగే రోజుల్లో చినుకు మొహం చాటేస్తే ఆ నైపుణ్యమంతా పశువుల మేతకు సరిపోతుంది. కర్నూలు, కడపల్లో ఏడాది వాన ఏడొందల మిల్లీమీటర్ల అటూఇటూ. గోవాలో దానికి నాలుగింతలు. ఓడ పైఅంతస్తులోకి పోగానే మా ఆవిడ నోట వచ్చిన మొదటి మాట, "ఇన్ని నీళ్లూ ఊరికే పోతాండాయే" అని.

అయినా రెండూ ఒకటేనని నేననను. బిళ్లలు అయిపోగానే మేం లేచి, చిన్న పడవెక్కి ఒడ్డుకొచ్చేశాం. మేం టికెట్టు కొన్నది ఆడటానికంటే ఆ లేవడానికేనని నాకనిపిస్తుంది. పోతే పోనీ అనుకోగల డబ్బు ఉన్నవాడికే పందెం వినోదం. కాపుకొచ్చిన చెట్లు కళ్లముందే మాడుతుంటే మామ ఎక్కడికి లేచి పోతాడు? ఓడలోనూ లేవలేనివాళ్లున్నారు. మెట్ల పక్కన ఒక కుర్రాడు తెలుగులోనే ఫోన్లో బతిమాలుతున్నాడు, "అన్నా, తెల్లారేసరికి ఏసేస్తా అన్నా" అని. అతనికి వినోదం ఎప్పుడో అయిపోయింది.

ధర్మరాజు ఓడిపోయాక ద్రౌపది సభను ఒకే ప్రశ్న అడిగింది: ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని. మా ఇళ్లలో ఆ ప్రశ్న అడగాల్సింది బంగారం అప్పులిచ్చే కౌంటరు దగ్గర. బోరుకు డబ్బు అత్తమ్మ గాజుల్లోంచి, గొలుసులోంచి వచ్చింది. అదే గొలుసు పేకాటలో పోయి ఉంటే ఊరంతా మామ మొహాన ఉమ్మేసేది. బోరులో పోయింది కాబట్టి పాపం అంది. ఆ జాలిలో నాకు కొంత మోసం కనబడుతుంది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పక్క మనిషి సొత్తు కాయొచ్చా? తిరుగు రైల్లో ఈ మాటంటే మా ఆవిడకు కోపమొచ్చింది. "మాయమ్మ తనే తీసిచ్చింది. ఎవురూ గుంజుకోలేదు." ఇవ్వనని చెప్పే వీలుండేదా అని అడిగాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. బళ్లారి దాకా మాటల్లేవు.

కొన్నాళ్లకు బామ్మర్ది ఫోన్ చేశాడు, పాత బోరు ఎండిపోయింది, కొత్తది వేయిస్తున్నానని. ఓడలో ఒక్క బిళ్ల కాయని మా ఆవిడ, ఎన్ని అడుగులని మాత్రం అడిగి, తన ఖాతాలోంచి డబ్బు పంపింది. నేను 37 గళ్ల లెక్క ఎత్తబోతే "అది దీనికొద్దులేండి" అంది. ఒకటిన్నర ఇంచు నీళ్లు పడ్డాయి. ఉన్న చీనీ చెట్లు బతికితే చాలని బోరు వేయించినవాడు, ఆ వారమే పక్కన ఎకరాలో అరటి నాటడానికి పిలకలు తెప్పించాడు.