వంటిల్లు మారిన వ్రతము మారునా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పుదురు. పాత ఇంటిని బాగుచేయుట ఈ రెంటికన్నను కష్టమని ఆ పని చేసినవారు ఎరుగుదురు. కొత్త ఇంటికి గోడలు కట్టిన చాలును. పాత ఇంటిలో గోడలతోపాటు అలవాట్లను, అభిమానములను, అలుకలను గూడ కదలింపవలసి వచ్చును. అందును వంటింటి విషయమున ఈ కష్టము మిక్కుటము. అంగడి మారినచో ఎవరును బాధపడరు. చిట్టా పుస్తకములు పోయి లెక్కల యంత్రములు వచ్చినవి. ఎవరును ధర్మము చెడెనని అనలేదు. వంటిల్లు మార్చెదమన్నంతనే వ్రతము చెడునేమోయని భయము పుట్టును. ఈ భయము న్యాయమైనదా, కేవలము అలవాటు పలికించు మాటయా అని విచారింపవలసియున్నది.

దృష్టాంతమునకు బళ్ళారిలోని ఒక వర్తక కుటుంబమును ఊహింపవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. రాష్ట్రము మారినను ఇల్లు కదలలేదు. బజారున కన్నడము, మందిరమున హిందీ, వంటింట తెలుగు వినవచ్చు ఇండ్లు అచ్చట నేటికిని కలవు. ఈ ఇల్లు అట్టిది. రాతిగోడల మిద్దె, వంటింట నేలపై పొయ్యి, పైన గవాక్షి, మూలన జలదారి, గోడగూళ్ళలో ఇత్తడి పాత్రలు. ఆ ఇంటి కుమారుడు బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ నగరమున వజ్రముల వ్యాపారములో 14 ఏండ్లు పనిచేసి, భార్యాబిడ్డలతో తిరిగివచ్చెను. తల్లికి 70 దాటినవి. వచ్చిన నెలలోపలనే వంటింటి మాట బయలుదేరెను.

నిలువుగా నిలిచి వండు అరుగు, గోడ పొడవున మూతల అలమారలు, పాత్రలు కడుగు యంత్రము కావలెనని కుమారుడు కోరెను. పొయ్యిని, జలదారిని ముట్టరాదని తండ్రి పట్టుపట్టెను. "మా అమ్మ ఈ పొయ్యి ముందే వ్రతములన్నియు నడిపినది. దీనిని తీసివేసిన తరువాత ఇది మన ఇల్లెట్లగును?" అని ఆయన మాట. కోడలు అత్తగారి ముఖము చూచెను, అత్తగారు మాటాడలేదు.

గృహస్థుని ఇంట ఐదు హింసాస్థానములు కలవని మన దేశపు పూర్వగ్రంథములు చెప్పుచున్నవి: పొయ్యి, నూరు రాయి, దంచు రోలు, చీపురు, నీటి కుండ. ఇవి యన్నియు వంటింటి చుట్టునే యున్నవి. జైనశాస్త్రము గృహస్థుని హింసను నాలుగు విధములుగా విభజించి, వంటవలనను ఇంటి పనులవలనను కలుగు హింసను ఆరంభీ హింస యని పేర్కొన్నది. సంకల్పించి చేయు హింసను గృహస్థుడు పూర్తిగా విడువవలెను. ఆరంభీ హింసను పూర్తిగా విడుచుట అతనికి సాధ్యము కాదు. తగ్గించుటయే అతని ధర్మము. ప్రమాదముతో, అనగా ఏమరుపాటుతో, ప్రాణమునకు హాని చేయుటయే హింస యని తత్త్వార్థసూత్రకర్త ఉమాస్వాతి నిర్వచనము. కావున వంటింటి విషయమున అడుగవలసినది పాతదా కొత్తదా అని కాదు. ఎచ్చట ఏమరుపాటు తక్కువ, ఎచ్చట ఎక్కువ అనునదియే ప్రశ్న.

ఈ గీటురాతిమీద పాత వంటింటిని గీచి చూచినచో అంతయు మేలిమి కాదు. కట్టెల బెరడులో చీమలు, పురుగులు దాగియుండును. వెలిగించుటకు ముందు పొయ్యిని ఊడ్చి, కట్టెను విదిలించి చూడవలెనని చెప్పినది అందులకే. ఆ చూపు లేనిచో పిడకల పొయ్యికన్న గ్యాసు పొయ్యియే హింస తక్కువది. చీకటి మూలలలో బొద్దింకలు పెరుగును. పెరిగిన పిదప మందు చల్లుట తప్పదందురు. అన్నిటిని మించి, ఆ పొగ ఎవరి కన్నులలోనికి పోయెను? పాత వంటింటిని మెచ్చుకొనువారు తరచుగా అందులో వండనివారే. చీమ ప్రాణమునకై నీరు వడగట్టిన ఇంట, పొయ్యి ముందు వంగిన స్త్రీ నడుమునొప్పి ఎవరి లెక్కలోనికిని రాకపోవుట విచారింపదగిన విషయము.

అయినను కొత్త వంటింటికి తనదైన ఏమరుపాటు కలదు. మూతల అలమారలు చూపునకు ఇంపుగా నుండును గాని వెనుక ఏమి పుట్టుచున్నదో కనబడనీయవు. కనబడనిది లేనట్లు కాదు. పాత జలదారిలో వేడినీరు పోయునపుడు చీమల బారు కంటబడెడిది, చేయి ఆగెడిది. గొట్టములోనికి పోవు వేడినీటిని చల్లారనిమ్మని హెచ్చరించునది ఏదియు లేదు. పిండికి వానకాలమున 3, వేసవిలో 5, చలికాలమున 7 దినములు మితి చెప్పు సంప్రదాయము కలదు. చలిపెట్టె వచ్చిన పిదప ఆ మితిని ఎవరు లెక్కింతురు? నీరు వడగట్టిన గుడ్డపై మిగిలినదానిని మరల ఆ నీటి తావునకే చేర్చవలెనని పెద్దలు నియమించిరి. తుంగభద్ర నీరు కొళాయిలో వచ్చు ఇంట ఆ తావు ఎచ్చటనున్నది? ఇట్టి ప్రశ్నలకు యంత్రము అమ్మువాడు జవాబు చెప్పలేడు. ఇంటివారు కూర్చుండి ఆలోచింపవలెను.

తిరిగివచ్చినవారి కష్టము వంటింటితో ముగియదు. ఆంట్‌వెర్ప్ నగరమున డిసెంబరు మాసములో సాయంకాలము 4 గంటల 40 నిమిషములకే ప్రొద్దు గ్రుంకును. జూనులో రాత్రి 10 గంటల వరకు వెలుతురుండును. సూర్యాస్తమయమునకు ముందు భుజింపవలెనను నియమమును అచ్చట పాటించుటకు కుమారుడు డిసెంబరులో కార్యాలయపు బల్లవద్దనే 4 గంటలకు డబ్బా విప్పెడివాడు. ప్రక్కవారు నవ్విన నవ్వనిచ్చెడివాడు. రొట్టె కొనినను, చీజ్ కొనినను, మిఠాయి కొనినను పైకాగితము చదువక తెచ్చెడివాడు కాడు. గుడ్డు కలదా, జెలాటిన్ కలదా, దూడ కడుపునుండి తీసిన పదార్థము కలదా అని భార్యయు అడిగి తెలిసికొనెడిది.

బళ్ళారిలో ఏడాది పొడవున ప్రొద్దు 5 గంటల 50 నిమిషములకును 7 గంటలకును నడుమ గ్రుంకును. నియమము ఇచ్చట సులభము. సులభమైనచోటనే అది జారిపోయెను. ఆంట్‌వెర్ప్‌లో చలికాలమున మధ్యాహ్నము 1 గంట అగునప్పటికి ఇచ్చట 5 గంటల 30 నిమిషములు. అచ్చటి వర్తకులు ఫోను చేయు వేళయు ఇచ్చటి భోజన వేళయు ఒకటే యయ్యెను. పరదేశమున తప్పని భోజనము స్వదేశమున 9 గంటలకు వచ్చెను. పొట్లముపై ఆకుపచ్చ చుక్క కనబడిన చాలునని చదువుట మానిరి. ఆ చుక్క ఉల్లిని, ఆలుగడ్డను చెప్పదని మరచిరి.

ఇంట నిలిచినవారు ఆచారపు రూపమును కాపాడిరి. పరదేశము పోయినవారు దానిని గురించిన ప్రశ్నను కాపాడిరి. రూపము ప్రశ్నను మరచిన మొద్దుబారును. ప్రశ్న రూపమును విడిచిన గాలికి పోవును. అనేకాంతమనగా అందరి మాటయు సరియేనని తల యూపుట కాదు. ఒక్కొక్కరి మాట ఏ దృష్టినుండి సత్యమో కనుగొని, ఆ మేరకే దానికి విలువ కట్టుట. తండ్రికి పొయ్యి తన తల్లి. కుమారునికి అరుగు తాను విడిచివచ్చిన ఇల్లు. వీరిద్దరును వంటింటిని గూర్చి మాటాడుచున్నామని తలచిరి గాని, పోగొట్టుకొనినదానిని గూర్చియే మాటాడుచుండిరి.

పని మొదలు పెట్టుటలోను ధర్మము కలదు. వానకాలమున జీవోత్పత్తి ఎక్కువ. సాధువులు సంచారము మాని ఒకచోట నిలుచు చాతుర్మాసమున గోడలు పడగొట్టుట గృహస్థునకు తగదు. అటకమీద పావురము పొదుగుచున్నచో పిల్లలు ఎగురువరకు ఆగవలెను. మేస్త్రీకిని కూలివారికిని నీడ, త్రాగునీరు, చెప్పిన నాటికి కూలి అందవలెను. నీటిని వడగట్టు చేయియే కూలిని బిగబట్టినచో ఆ వడగట్టుటకు అర్థమేమి? పరిగ్రహ పరిమాణమును పాటించువారు అటకమీది పాత్రలలో ఎన్ని వాడుకకు, ఎన్ని గొప్పకు అని గూడ లెక్కింపవలెను.

కార్తికము గడచిన పిదప మేస్త్రీ వచ్చి, అరుగు ఎత్తు ఎంతయని అడిగెను. తండ్రీకొడుకులు మరల వాదమునకు దిగిరి. అప్పుడు తల్లి లేచి, గోడవద్ద నిలిచి, మోచేతికి కొంచెము దిగువగా చేయిపెట్టి చూపెను.

"ఇంత ఎత్తు. మోకాళ్ళు 20 ఏండ్లుగా నొచ్చుచున్నవి."

"ఇన్నాళ్ళు చెప్పలేదేమి అత్తయ్యా?" అని కోడలు అడిగెను.

"ఈ పొయ్యిని అందరును మెచ్చుకొనుచుంటిరి గదమ్మా. చెప్పిన మీ మామగారి తల్లిని తప్పుపట్టినట్లగును."

తండ్రి తల వంచుకొనెను. తరువాత వాదము లేదు. అరుగు ఆమె చూపిన ఎత్తుననే లేచినది. గవాక్షి నిలిచినది, ఏలయన గింజలు ఏరుటకు వెలుతురు కావలెను. జలదారి నిలిచినది, ఏలయన చేయి ఆగుటకు కంటికి కనబడవలెను. క్రింది అరలకు తలుపులు పెట్టలేదు. పాత్రలు కడుగు యంత్రము అక్కరలేదని కోడలే అనెను. పొయ్యి రాళ్ళలో ఒకటి పెరటి గుమ్మమువద్ద మెట్టయినది. సాయంకాలము 5 గంటల 30 నిమిషములకు ఫోను మ్రోగిన, ఒక గంట ఆగి మాటాడెదనని కుమారుడు చెప్పుట నేర్చుకొనెను. మొదటి నెలలో ఒకటి రెండు బేరములు తప్పినవి.

వ్రతము పొయ్యిలో లేదు, అరుగులో లేదు. వస్తువును ఎత్తునపుడును దించునపుడును చూచి చేయవలెనని సాధువులకు చెప్పిన ఆదాన నిక్షేపణ సమితి గృహస్థుని వంటింటికిని చాల వఱకు చెల్లును. ఆ చూపు చీమనుండి మొదలై, ప్రక్కనే వంగి నిలిచిన మనిషివరకు పోవలెను. అంతవరకు పోయిన ఇంట వంటిల్లు ఎన్నిమార్లు మారినను భయము లేదు.