ఆయుధం దాచిన ఇద్దరు మునులు

కర్ణాటకలోని కొడగు కొండల్లో వానాకాలం గడవడమంటే ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువుకూ గండమే. మడికేరిలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో గోడలు చెమ్మగిల్లుతాయి, ఉతికిన బట్టలు ఆరవు, గొళ్ళేలకూ కొడవళ్ళకూ ఎర్రటి పొర కమ్ముకుంటుంది. ఆ కొండల్లో ఉండే కొడవల ఇళ్ళలో తరతరాలుగా తుపాకులున్నాయి. నాట్ల కాలంలో పొలం పనే సరిపోతుంది గనక వేట ఉండదు. ఆ నెలల్లో ఆయుధాలను ‘కన్ని కొంబరె’ అనే పూజగదిలో ఉంచడం వాళ్ళ ఆచారం. నాట్లు ముగిసి, సెప్టెంబరు మొదటి రోజుల్లో కైల్‌పోళ్ద్ పండుగ వచ్చినప్పుడు వాటిని బయటికి తీస్తారు. శుభ్రం చేసి, పూలు అలంకరించి, ఇంటి నడిమి హాల్లో పెట్టి, స్నానాలు చేసివచ్చి మొక్కుతారు. ఇంటి పెద్ద తన చేతులతో తుపాకి అందిస్తాడు. ఆ తర్వాత ఊరి మైదానంలో గురిపోటీలు.

ఈ ఆచారంలో ఒక పాత ప్రశ్న దాగి ఉంది. చంపడానికి పనికొచ్చే వస్తువును తుప్పు పట్టకుండా శ్రద్ధగా కాపాడటం ధర్మమా? ఆ శ్రద్ధ మనిషిని ఎటు నడుపుతుంది? ఏడాదిలో ఒక్కసారైనా వాడనక్కర లేకపోతే బాగుండునని కోరుకుంటూనే, రేపే వాడాల్సి వస్తుందన్నట్టు దాన్ని సిద్ధంగా ఉంచే మనిషి మనసులో ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్నను ఏనాడో, ఎంతో సూటిగా అడిగింది సీత. వాల్మీకి రామాయణం అరణ్యకాండ తొమ్మిదో సర్గలో, సుతీక్ష్ణుడి ఆశ్రమం నుంచి బయల్దేరినప్పుడు, ఆమె రాముణ్ణి ఆపి ఒక కథ చెబుతుంది. ఒక అడవిలో సత్యవంతుడైన తపస్వి ఉండేవాడు. ఆయన తపస్సును చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, తన కత్తిని కాస్త దాచిపెట్టమని అప్పగించి వెళ్ళాడు. పరుల సొత్తు పోకూడదని ఆ తపస్వి దాన్ని కంటికి రెప్పలా కాపాడాడు. పళ్ళకూ దుంపలకూ వెళ్ళినా కత్తి లేకుండా అడుగు వేయలేదు. నిత్యం చేతిలో ఉండటంతో ఆయన బుద్ధి మెల్లగా క్రౌర్యం వైపు తిరిగింది. తపస్సు పోయింది, చివరికి నరకం ప్రాప్తించింది.

ఈ కథలో తపస్వి దొంగ కాడు, కోపిష్ఠి కాడు. ఆయన చేసిన పని మాట నిలబెట్టుకోవడం. నమ్మి అప్పగించిన వస్తువును చెడకుండా, పోకుండా చూసుకున్నాడు. చెడ్డవాడి చేతిలో కత్తి చెడు చేస్తుందని చెప్పడానికి ఎవరూ కథ అల్లనక్కర లేదు. సీత చెప్పింది అంతకంటే భయపెట్టే మాట: మంచివాడి మంచి గుణమే, ఆ జాగ్రత్తే, దారి తప్పించగలదు. శత్రుత్వం లేనివాణ్ణి చంపే దోషం నీకు అంటకూడదని ఆమె భర్తను హెచ్చరిస్తుంది. రాముడు ఆ మాటకు కినుక వహించడు. ప్రేమతో చెప్పావని మెచ్చుకుంటాడు. ఆర్తుడి కేక వినబడకూడదనే క్షత్రియుడు విల్లు పడతాడనీ, దండకారణ్య మునులకు మాట ఇచ్చాననీ అంటాడు. ఆ జవాబులో ధైర్యముంది. కానీ సీత అడిగిన దానికి అది పూర్తి సమాధానం కాదు. ఎందుకు పట్టుకున్నావన్న దానికి రాముడి దగ్గర జవాబుంది. పట్టుకుంటూ ఉంటే ఏమవుతావన్నది సీత భయం.

ఆ జవాబు కోసం మూడు సర్గలు ముందుకు వెళ్ళాలి. పన్నెండో సర్గలో రాముడు అగస్త్యుడి ఆశ్రమం చేరతాడు. అగస్త్యుడు ఆయనకు విశ్వకర్మ చేసిన వైష్ణవ ధనుస్సు, అక్షయ తూణీరాలు, బంగారు పిడి ఉన్న ఖడ్గం ఇస్తాడు. ఆ తూణీరాలను అగస్త్యుడికి ఇచ్చినవాడు కూడా ఇంద్రుడే! అడవిలో ఒక ముని, ఇంద్రుడు ఇచ్చిన ఆయుధం, ఏళ్ళ తరబడి భద్రం: సీత చెప్పిన కథలోని సరంజామా అంతా ఇక్కడా ఉంది. కానీ ఈయన తపస్సు చెక్కు చెదరలేదు. దగ్గరదగ్గరగా ఉన్న ఈ రెండు ఘట్టాలను కలిపి చదివితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొదటి ముని కత్తిని ఒంటికి తగిలించుకుని తిరిగాడు. అగస్త్యుడు ఒకచోట ఉంచాడు, తగినవాడు వచ్చినప్పుడు ఇచ్చేశాడు. ఇద్దరి శ్రద్ధలోనూ లోపం లేదు. తేడా అంతా చేతికీ ఆయుధానికీ మధ్య ఉంచిన దూరంలో ఉంది.

విచిత్రమేమిటంటే, లోహశాస్త్రం కూడా ఆ దూరాన్నే కోరుతుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజన్, నీటిచెమ్మ రెండూ కావాలి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనబడనంత పల్చటి నీటిపొర చేరి తుప్పు వేగం పుంజుకుంటుంది. 50 శాతం దగ్గర ఉంచగలిగితే చాలావరకు నిశ్చింత. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర కింది లోహానికి కవచంలా నిలుస్తుంది. ఇనుప తుప్పు అలా కాదు. అది గుల్లగా పొంగి, పెచ్చులుగా ఊడి, కింద కొత్త లోహాన్ని బయటపెడుతుంది. ఉప్పు తోడైతే చెప్పనే అక్కర లేదు. ఆ ఉప్పు కోసం సముద్రం దాకా వెళ్ళాల్సిన పని లేదు, మనిషి వేలిచెమటలో ఉంది. తుడవకుండా వదిలేసిన వేలిముద్ర కొన్నాళ్ళకు అదే ఆకారంలో ఎర్రటి మచ్చగా తేలడం తుపాకి పనివాళ్ళకు బాగా తెలిసిన సంగతి.

అందుకే తేమ ప్రాంతాల్లో తుపాకి దాచడంలో మొదటి పాఠం, ఊరికే ముట్టుకోకపోవడం. ముట్టుకుంటే తుడవాలి, పల్చగా నూనె పూయాలి. నూనె ఎక్కువైనా నష్టమే. అది దుమ్మును పట్టుకుంటుంది, కిందికి జారి చెక్క బట్‌లోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే చాలాకాలం నిలవ ఉంచేవాళ్ళు గొట్టం మూతి కిందికి వచ్చేలా పెడతారు. తోలు ఒరలో, గుడ్డ సంచిలో, నురగ అచ్చులున్న పెట్టెలో నెలల తరబడి ఉంచడం పొరపాటు. కాపాడతాయనుకున్న ఆ తొడుగులే చెమ్మను పీల్చి ఉక్కుకు అంటగడతాయి. తోలులోనైతే దాన్ని పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు కూడా మిగిలి ఉంటాయి. పెట్టెలో వేసే సిలికా జెల్ నిండా తేమ పీల్చుకున్నాక ఇక పనిచేయదు, తీసి వేడిచేసి మళ్ళీ ఆరబెట్టాలి. చల్లటి ఏసీ గదిలోంచి తీసి ఉక్కపోతలోకి తెస్తే ఉక్కు మీద నీళ్ళు పడతాయి. పాత తూటాల్లోని పొటాషియం క్లోరేటు మండి గొట్టంలో మిగిల్చే లవణం గాలిలోని తడిని లాగుతుంది. నల్ల తుపాకిమందు మసి కూడా అంతే. కాల్చిన నాడే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పూస్తే తప్ప లోపలి గీతలు నిలవవు. హింస ముగిసిందనుకున్న క్షణానే దాని మిగులు పని మొదలుపెడుతుందన్నమాట.

ఇంకో సంగతి ఉంది, తాత్త్వికులు దీనిపై ఆగి ఆలోచించాలి. పాత తుపాకుల నల్లని నీలి మెరుపు రంగు కాదు, అది తుప్పే. గొట్టానికి ఆమ్లద్రావణం పూసి, తడిగదిలో కావాలనే ఎర్రతుప్పు పట్టించి, మరిగే నీటిలో ఉడికిస్తారు. ఎర్ర ఆక్సైడు నల్లని మాగ్నటైటుగా మారుతుంది. పైపొడిని రుద్ది తీసేసి, మళ్ళీ పూసి, మళ్ళీ ఉడికిస్తారు. అలా చాలాసార్లు చేస్తే గట్టి పొర ఏర్పడి నూనెను పట్టి ఉంచుతుంది, కొత్త తుప్పును నెమ్మది చేస్తుంది. క్షయాన్ని పూర్తిగా వెళ్ళగొట్టడం అక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు. దానికి కొంత చోటిచ్చి, హద్దు గీసి, నిలిపేస్తారు. మనిషిలోని హింస విషయంలో మన పండుగలు చేసే పని కూడా దీనికి దగ్గరగానే కనబడుతుంది. ఆయుధపూజ హింసను లేనట్టు నటించదు. ఏడాదిలో ఒక రోజు ఇచ్చి, నలుగురి ముందు, కుంకుమ బొట్టు పెట్టి నిలబెడుతుంది.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో దగ్గరి గ్రంథం విరాటపర్వం. వానలు పడాలని ఊళ్ళలో చదివించే పర్వం అది. ఆయుధాల్ని వాన నుంచి కాపాడిన పర్వమూ అదే. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు అల్లెతాళ్ళు విప్పి, శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాస్తారు. వ్యాసుడు అక్కడ ఒక చిన్న వివరం చెబుతాడు: చెట్టెక్కిన నకులుడు గట్టి కొమ్మలు చూసుకుని, వాన జల్లు తగలని చోట్ల వాటిని బిగించి కట్టాడు. పక్కనే ఒక శవాన్ని వేలాడదీశారు, ఆ వాసనకు ఎవరూ దగ్గరికి రాకుండా. అడిగిన పశువుల కాపరులకు, అది నూట ఎనభై ఏళ్ళ మా తల్లి శవం, మా కులాచారం ఇది అని చెప్పారు. ఏడాది తర్వాత ఉత్తరుడు చెట్టెక్కి కట్లు విప్పితే విల్లులు, ఖడ్గాలు ధగధగ మెరిశాయి. ప్రపంచాన్ని గెలిచిన అర్జునుడు ఆ ఏడాది పొడుగునా నాట్యం నేర్పాడు, భీముడు వంట చేశాడు. ఆయుధం బాగుంది, మనిషి చేయి దానికి దూరంగా ఉంది. దసరానాడు జమ్మిచెట్టుకు మొక్కే తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళు ఆ నిలవనే తలచుకుంటున్నాయి. తెలంగాణ దాన్నే రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. అదే పండుగకు పోలీసు ఆయుధాగారాల్లో అధికారులు రైఫిళ్ళు వరసగా పేర్చి పూజ చేస్తారు. గోదావరి ఎగువన, ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన నాందేడ్‌లో, సిక్కుల పవిత్ర పీఠమైన హజూర్ సాహిబ్ తఖ్తును దీపావళి ముందు గోదావరి నీటితో కడిగి, గురు గోవింద్ సింగ్ ఆయుధాలను శుభ్రం చేసే ఆచారం ఉంది.

దీనికి ఎదురు వాదన బలహీనమైనదేం కాదు. కాపాడటమెందుకు, తుప్పు పట్టనివ్వండి, కాలమే నిరాయుధీకరణ చేస్తుంది కదా అనవచ్చు. అహింసను నమ్మినవారికి ఈ మాట ఇంపుగా ఉంటుంది. కానీ వదిలేసిన తుపాకి సాధుజంతువు కాదు. గొట్టంలో తుప్పు, మట్టి అడ్డుపడితే కాల్చినవాడి మొహం మీదే పేలవచ్చు. సేఫ్టీ మీట బిగుసుకుపోవచ్చు, స్ప్రింగు పట్టు తప్పవచ్చు. పరిత్యాగం వేరు, అశ్రద్ధ వేరు. నిజంగా త్యజించదలచినవారు మొజాంబిక్‌లో చేసి చూపించారు. అంతర్యుద్ధం ముగిశాక 1995లో, బిషప్ దినిష్ సెంగులానె చొరవతో, క్రైస్తవ మండలి అక్కడ ఒక కార్యక్రమం పెట్టింది. జనం తుపాకులు తెచ్చి ఇస్తే కుట్టుమిషన్లు, సైకిళ్ళు, పనిముట్లు ఇచ్చారు. తుపాకులను ముక్కలు కోసి కళాకారులకు అప్పగించారు. అలా 2001లో తయారైన ‘ఆయుధ సింహాసనం’ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జనం కత్తులను నాగళ్ళుగా సాగగొడతారన్నాడు బైబిల్లోని యెషయా ప్రవక్త. ఆ పనికి కమ్మరి కావాలి, కొలిమి కావాలి. చెమ్మగాలి చాలదు.

సీత భయం నేటి ఇళ్ళలో ఎంత నిజమో అమెరికా పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో ఆత్మహత్య మరణాల ముప్పు పెరుగుతుంది. తూటాలు తీసి, తాళం వేసి, మందుగుండును వేరేచోట దాచిన ఇళ్ళలో పిల్లలకు ఆ ముప్పు తగ్గుతుంది. ఉక్కపోతకు పేరుపడ్డ హ్యూస్టన్‌లో తుపాకి కొన్న తెలుగు కుటుంబం తేమ పీల్చే పెట్టె కోసం వెతుకుతుందంటే ఆశ్చర్యం లేదు. ఆ ఇంటివాళ్ళు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా అదే పూట మాట్లాడుకోవాలి. మొదటి ముని దగ్గర కొరవడింది ఈ రెండోదే. ఆయనకు కత్తిని చూసుకునే శ్రద్ధ ఉంది గానీ, తనను చూసేవాళ్ళు లేరు.

కొడవల ఆచారంలో ఆ చూసేవాళ్ళు ఉన్నారు. గది ఉంది, రుతువు ఉంది, అందించే పెద్ద చేయి ఉంది. బ్రిటిష్ కాలంలో 1861లో మొదలైన ఆయుధ లైసెన్సు మినహాయింపు స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. కొడవ జాతివారికి, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదారులకు వర్తించే ఆ వెసులుబాటును కేంద్రం 2019లో మరో పదేళ్ళు పొడిగించింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను 2021లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. 2029లో ఈ చర్చ మళ్ళీ వస్తుంది. అప్పుడు జాతి, వారసత్వం, సమానత్వం గురించి వాదాలు తప్పవు, అవి జరగాల్సినవే. వాటితోపాటు ఇంకొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. ఉమ్మడి ఇళ్ళు విడిపోయి, పిల్లలు బెంగళూరు ఫ్లాట్లకు చేరాక ఆ తుపాకి ఏ గదిలో ఉంటోంది? నాట్ల నెలల్లో దానికి ఇంకా విశ్రాంతి దొరుకుతోందా? కైల్‌పోళ్ద్‌నాడు దాన్ని అందించే పెద్దవాళ్ళు ఆ ఇంట్లో ఉన్నారా? సంవత్సరం పొడుగునా దాన్ని నూనెగుడ్డతో తుడుస్తున్నది ఎవరు, ఆ మనిషి ఎలా ఉన్నాడో కనిపెట్టి చూస్తున్నది ఎవరు?