పడుగు ఇంట్లోనే పడాలి



పునీత పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో, మొదటి అధ్యాయంలోనే, ఇద్దరు స్త్రీలను పేరుపెట్టి తలచుకొంటారు. ఒకరు తిమోతి అవ్వ లోయి, మరొకరు తల్లి యునీకే. తిమోతిలోని నిష్కపటమైన విశ్వాసం అతనికంటే ముందు వారిలో ఉన్నదేనని ఆయన సాక్ష్యమిస్తారు. అపోస్తలుల కార్యాలు 16వ అధ్యాయం ఇంకొక సంగతి చెబుతుంది: తల్లి విశ్వాసురాలైన యూదురాలు, తండ్రి గ్రీకువాడు. తండ్రి బిడ్డకు విశ్వాసం నేర్పినట్లు ఎక్కడా కనబడదు. అయినా ఆ ఇంట దీపం ఆరలేదు.

అటువంటి ఇల్లు మనకు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎందరో తండ్రులు దుబాయి, మస్కట్, సౌదీలలో చెమటోడ్చుతున్నారు. ఇంటి దగ్గర తల్లులు చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ సంసారం ఈదుతున్నారు. సిరిసిల్లలోనైతే బతుకంతా మరమగ్గాల మోత, పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు. "ఇంత బరువులో పిల్లలకు జపాలు ఎప్పుడు నేర్పాలి ఫాదర్?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం దీనికి జవాబు చెబుతుంది. మోషే ప్రత్యేకంగా ఒక గంట కేటాయించమనలేదు. ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాట బిడ్డలతో ముచ్చటించమన్నాడు. ఇవన్నీ కష్టజీవుల వేళలే! చేతులు బీడీ చుడుతున్నా నోటికి తీరిక ఉంటుంది. పక్కన చదువుకొనే బిడ్డకు ఆదివారపు సువిశేషం కథగా చెప్పవచ్చు. ఎడారి దేశంలో ఉన్న తండ్రి ఫోనులో ఫీజుల సంగతి, మార్కుల సంగతి అడుగుతాడు. చివర ఒక్క పరలోక జపం బిడ్డతో కలిసి చెప్పి దీవిస్తే, "మా బాపు దూరాన ఉన్నా ప్రార్థించేవాడు" అన్న జ్ఞాపకం ఆ బిడ్డకు మిగులుతుంది. పంపిన డబ్బు ఖర్చయిపోతుంది, ఇది ఖర్చు కాదు.

నిర్గమకాండం 12వ అధ్యాయంలో, ఈ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు వివరించాలని ఆజ్ఞ ఉంది. అంటే పిల్లలు అడగడం తప్పు కాదు. నేటి యువత కూడా అడుగుతున్నది: "ప్రతి ఆదివారం పూజకు ఎందుకు? గురువు దగ్గరే పాపసంకీర్తనం ఎందుకు?" "నోరు మూసుకొని నడువు" అంటే ఈ రోజు నడుస్తాడు. రేపు చదువుకని హైదరాబాదు పోయాక, అడిగేవారు లేనిచోట, గుడి ముఖం చూడడు. జవాబు తెలియకపోతే బిడ్డను వెంటబెట్టుకొని విచారణ గురువుల దగ్గరకో, ఉపదేశి దగ్గరకో రండి. కలిసి నేర్చుకోవడంలో చిన్నతనం లేదు.

న్యాయాధిపతుల గ్రంథం 2వ అధ్యాయం భయం కలిగిస్తుంది. యెహోషువ తరం గతించగానే ప్రభువును ఎరుగని తరం లేచింది. మధ్యలో ఎడం ఒక్క తరమే! 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడిన నాటి నుండి గురువులు, మఠకన్యలు, ఉపదేశులు పల్లెపల్లెకూ తిరిగి చెప్పిన విశ్వాసం మన అవ్వాతాతల ద్వారా మనకు చేరింది. అది మన చేతిలో ఆగిపోకూడదు.

సిరిసిల్ల నేతన్నలకు తెలుసు, పడుగు సిద్ధమైతేనే పేక పడుతుంది. ఇల్లు పడుగు, విచారణ పేక. ఇంట్లో పడుగు లేకుండా, ఆదివారం గంటసేపు జ్ఞానోపదేశంతో బట్ట నేయమని మఠకన్యలను అడగడం తగదు. అలాగే పోగు తెగితే నేతన్న మగ్గం ఆపి, తెగిన కొస వెదకి ముడివేస్తాడు గాని బట్ట చించి పారవేయడు. చూడనట్లు వదిలేస్తే లోటు బట్ట పొడవునా సాగుతుంది. భద్రమైన అభ్యంగనం పొందాక గుడికి రావడం మానేసిన మీ పిల్లవాడు తెగిన పోగే. పదిమందిలో దెప్పకండి. దగ్గర కూర్చోండి, వినండి, ముడివేయండి.

విచారణ పెద్దలకు కూడా ఒక మాట. యువత రేపటి సభ మాత్రమే కాదు, నేటి సభ అని 2019లో జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు 'క్రీస్తు సజీవుడు' అనే ప్రబోధలేఖలో బోధించారు. పండుగకు పందిరి వేయడానికీ, కుర్చీలు మోయడానికీ మాత్రమే యువకులను పిలిస్తే వారు కూలీలుగానే మిగులుతారు. పఠనాలు చదవనివ్వండి, చిన్నపిల్లలకు జపాలు నేర్పనివ్వండి, రోగుల ఇండ్లకు వెంట తీసుకెళ్లండి, విచారణ సభలో వారి మాట వినండి. క్రీస్తురాజు పండుగనాడు మేత్రాసనాలలో జరిగే యువజన దినోత్సవాన్ని వారి చేతికే అప్పగించండి.

ఈ రాత్రి పడుకొనే ముందు మీ బిడ్డ నుదుట సిలువ గుర్తు వేయండి. లోయి, యునీకేల ఇంట నిలిచిన ప్రభువు మీ ఇంట కూడా నిలుచునుగాక! ఆమెన్.