ఓటమి తర్వాతి వివేకం

1996 మార్చి 13న, కలకత్తా ప్రపంచకప్పు సెమీఫైనల్లో, టాస్ గెలిచిన అజహరుద్దీన్ బ్యాటింగే తీసుకోవలసిందని పిఠాపురం టీకొట్టు బల్లమీద ఇప్పటికీ తీర్పు చెప్పేవారున్నారు. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచడం న్యాయమా? పదకొండు రోజుల ముందే ఢిల్లీలో మన 271 పరుగులను శ్రీలంక నాలుగు వికెట్లకే దాటింది. ఆ దెబ్బ తిన్నవాడు ఈసారి వాళ్లను ముందు ఆడించాడు. మొదటి ఓవరులోనే వాళ్ల ఓపెనర్లిద్దరూ ఔటయినప్పుడు అతణ్ణి తప్పుపట్టిందెవరు? తర్వాత, 252 లక్ష్యంగా, మనం ఒక వికెట్టుకు 98 నుంచి ఎనిమిదికి 120కి కూలాం. పిచ్ అంతగా తిరుగుతుందని పసిగట్టలేదన్నది విచారించదగిన అభియోగమే, ఓడాడన్నది కాదు. సీసాలు విసిరి, గ్యాలరీలో మంటపెట్టినవారికి ఆ తేడా అక్కరలేకపోయింది. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపి, గెలుపు శ్రీలంకకిచ్చాడు.