సూది ఎవరిది, పాపం ఎవరిది

పశువుల ఆసుపత్రి సిబ్బంది మధ్య వచ్చే తగాదాల్లో చాలావరకు డ్యూటీలు, సెలవులు, మందుల స్టాకు, అర్ధరాత్రి పల్లెకు ఎవరు వెళ్లాలన్న లెక్కల చుట్టూ తిరుగుతాయి. వాటికి తత్త్వచర్చ అక్కర్లేదు. డ్యూటీ చార్టు న్యాయంగా రాస్తే సగం అక్కడే తీరతాయి. తీరనిది మరో రకం. ఇక బతకదని తేలిన పశువుకు కారుణ్య మరణం ఇవ్వాలా వద్దా అన్న దగ్గర డాక్టరుది ఒక మాట, అసిస్టెంటుది ఒక మాట, అటెండరుది ఇంకో మాట అవుతుంది. చూసేవాళ్లకు ఇది చెప్పిన పని చేయననే మొండితనంలా కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది హింసలో ఎవరి వాటా ఎంత అన్న పాత ప్రశ్న.

ఈనిన ఆవు కూలబడి లేవలేకపోవడం పశువైద్యులు తరచూ చూసేదే. పాలజ్వరమైతే కాల్షియం ఎక్కించాక చాలాసార్లు లేచి నిలబడుతుంది. తుంటి విరిగినా, నరం దెబ్బతిన్నా, రోజుల తరబడి ఒకే పక్కన పడి ఉండి కండరాలు చచ్చుబడినా లేవదు. నేల ఒరుసుకున్న చోటల్లా పుండ్లు పడతాయి, పుండ్లకు పురుగులు పడతాయి. అప్పుడు డాక్టరు నిర్ణయం తీసుకుంటారు, సంతకమూ ఆయనదే. కానీ పలుపు బిగించి, మెడ పక్కకు తిప్పి పట్టుకునేది అటెండరు. సిరంజిలో మందు నింపి అందించేది అసిస్టెంటు. మందు ఎక్కుతున్నంతసేపూ ఆవు కన్ను పట్టుకున్నవాడి మోచేతికి జానెడు దూరంలో ఉంటుంది. సంతకం చేసినవారు తల తిప్పుకోవచ్చు, అతనికి ఆ వీలు లేదు.

పట్టుకున్న చేతికి పాపం అంటుతుందా అని అడిగితే మన సంప్రదాయాలు ఒకే జవాబు చెప్పవు. జైనుల లెక్క అన్నిటికన్నా కఠినం. చేయడం, చేయించడం, చేసినదాన్ని మెచ్చుకోవడం మూడూ హింసే, అవీ మనసుతో, మాటతో, శరీరంతో. మనుస్మృతి ఐదో అధ్యాయం కూడా మాంసం విషయంలో అనుమతించినవాణ్ని మొదలుకొని తిన్నవాడిదాకా అందరినీ హంతకుల్లోనే చేర్చింది. బౌద్ధం చేతనకు, అంటే చేసేవాడి ఉద్దేశానికి, పెద్దపీట వేస్తుంది. జాలితో చేసినవాడికి ఇది ఊరటే అనిపిస్తుంది గానీ, చంపే క్షణాన చిత్తంలో ద్వేషపు ఛాయ ఉండి తీరుతుందని థేరవాద అభిధర్మం పట్టుబడుతుంది. అంటే అక్కడా పూర్తి మినహాయింపు దొరకదు.

సిబ్బంది నోట ఎక్కువగా వినిపించేది మాత్రం గీతలోని నిమిత్తమాత్రం, అంటే నేను వట్టి సాధనాన్నే అన్న భావం. తన మనసుకు తాను చెప్పుకున్నప్పుడు అది బలాన్నిస్తుంది. అదే మాట పై అధికారి కింది ఉద్యోగికి చెబితే నోరు మూయించే సాధనమవుతుంది. ‘నువ్వు నిమిత్తమాత్రుడివి’ అని ఇంకొకరి గురించి తేల్చే హక్కు ఎవరికీ లేదు.

చట్టం ఈ ప్రశ్న జోలికి రాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్ బాధపడే జంతువును ఎవరి ఆదేశంతో, ఏ పద్ధతిలో అంతం చేయవచ్చో చెబుతుంది. ఆవుల మీద ఆంక్షలు రాష్ట్రానికో తీరు. చేసే మనిషి మనసు ఆ సెక్షన్లకు పట్టదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటిలాంటి సందర్భాల్లో జబ్బు సోకని కోళ్లను కూడా చంపి పూడ్చాల్సి వస్తుంది, ఆ పనీ ఈ సిబ్బంది మీదే పడుతుంది. చేయవలసింది తెలిసీ చేయలేని స్థితిలో నర్సులు పడే బాధను 1984లో తత్త్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ నైతిక క్షోభగా వర్ణించాడు. పశువైద్య సిబ్బందికి అది కొత్తగా వివరించనక్కర్లేదు.

ఈ విషయంలో బాగా తెలిసిన ఉదాహరణ ఆసుపత్రిలోది కాదు, ఆశ్రమంలోది. 1928లో సబర్మతిలో ఒక దూడ కోలుకునే ఆశ లేకుండా బాధపడుతోంది. దాని ప్రాణం తీయడం గురించి గాంధీ ఆశ్రమ నిర్వాహక సంఘంతో, ఇరుగుపొరుగుతో చర్చించాడు. ప్రాణం పోయలేనివాడికి తీసే హక్కు లేదని వారిలో ఒకరు అభ్యంతరం చెప్పారు. స్వార్థం కోసం తీసినప్పుడే ఆ వాదం నిలుస్తుందని గాంధీ అనుకున్నాడు. డాక్టరు ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు తాను దగ్గరే ఉన్నాడు. తర్వాత ‘నవజీవన్’లో, ‘యంగ్ ఇండియా’లో ఆ సంగతి తానే రాశాడు, తిట్లతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన నిర్ణయం ఒప్పా తప్పా అన్నది నేటికీ తేలలేదు, తేలకపోయినా నష్టం లేదు. ఆసుపత్రికి పనికొచ్చేది ఆ క్రమం: ముందు అడగడం, కాదన్నవారి మాట పూర్తిగా వినడం, నిర్ణయించినవారు సూది వేసే చోటే నిలబడటం, జరిగింది దాచకపోవడం.

ఎదుట అడగకుండా చాటున మాట్లాడుకుంటే గొడవ ఎలా పెరుగుతుందో కౌశాంబి భిక్షువుల కథ చూపిస్తుంది. ధమ్మపద వ్యాఖ్యానం చెప్పిన ప్రకారం ఒక ధర్మబోధకుడు మరుగుదొడ్డి పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడు. అది దోషమన్న వినయ (భిక్షు నియమాల) పండితుడే, తెలియక చేశావు గనుక దోషం లేదని కూడా అన్నాడు. తర్వాత తన శిష్యుల దగ్గర మాత్రం, దోషం చేసి కూడా తెలుసుకోలేడని చెప్పాడు. మాట శిష్యుల నుంచి శిష్యులకు పాకి సంఘం రెండుగా చీలింది. బుద్ధుడు నచ్చజెప్పినా వినలేదు. ఊరివాళ్లు భిక్ష ఆపేశాక దారికి వచ్చారు. ఏ స్టాఫ్ రూములో టీ తాగినవారికైనా ఈ వరస కొత్త కాదు.

వివాదాన్ని సంబంధించినవారందరి ఎదుటే తేల్చాలని వినయ పిటకం నియమం పెట్టింది. ఈ నియమం ఆసుపత్రికి అతికినట్టు సరిపోతుంది. ఆవును పట్టుకోవలసినవాడు లేనప్పుడు నిర్ణయం జరగకూడదు. మనస్సాక్షి ఒప్పుకోనివారిని సూది పని నుంచి తప్పించవచ్చు. అయితే తప్పుకోవడంతో వారి బాధ్యత ముగియదు. చంపవద్దన్నవారు ఆవును పూటకు రెండుమూడుసార్లు పక్క మార్చాలి, కింద మెత్తగా గడ్డి పరచాలి, పుండ్లు కడగాలి. ఈ పని ఒకరి మీద వేసి అహింస ఇంకొకరు మాట్లాడటం సరికాదు. డాక్టరు కూడా ‘నా నిర్ణయమే చివరిది’ అన్నప్పుడు పలుపు తానూ పట్టుకోవాలి.

రెండు పక్షాలూ అనరాని మాటలు అనుకుని, ఎవరేమన్నారో తవ్వితే సంఘమే చీలిపోయే స్థితి వస్తే, వాటిపై గడ్డి కప్పినట్టు అన్నిటినీ ఒక్కసారిగా వదిలేసే పద్ధతి కూడా వినయంలో ఉంది. నోరు జారిన తగాదాలకు అది చాలు. కానీ పెద్ద దోషాలకు, గృహస్థులకు సంబంధించిన దోషాలకు అది వర్తించదు. ఆసుపత్రి భాషలో ఆ గృహస్థు పశువును తోలుకొచ్చిన రైతు. మోతాదు తప్పి ఆవు పోయినా, బతికే పశువును బతకదని చెప్పినా, సిబ్బంది తమలో తాము సర్దుకుని గడ్డి కప్పడానికి వీల్లేదు. ఆ సంగతి రైతుకు చెప్పిన తర్వాతే రాజీ.