మాట మోయు పరిచర్య

ధ్యాన భాగము: 2 రాజులు 5:1–27



నయమాను వైద్యము కొరకు పరదేశమునకు వెళ్ళిన రోగి. అతడు సిరియా సైన్యాధిపతి. ధనము కలదు, గుఱ్ఱములు, రథములు కలవు, రాజు వ్రాయించిన పత్రికయు చేతనున్నది. అయినను ఇశ్రాయేలు దేశములో మొదట అతనికి ఎదురైనది స్వస్థత కాదు, అపార్థము. కుష్ఠము మాన్పుమను పత్రికను చదివి ఇశ్రాయేలు రాజు బట్టలు చింపుకొనెను. తనతో కలహమునకు సాకు వెదకుచున్నారని తలంచెను. చెరపట్టబడిన చిన్నది చెప్పినది ప్రవక్తను గూర్చి. పత్రికలో ప్రవక్త ఊసే లేదు. ఆమె మాట చేతులు మారుచు దారిలో జారిపోయెను.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారమైన మనకు ఇది దూరపు కథ కాదు. పెద్ద జబ్బు చేసినప్పుడు మనవారు రైలెక్కి, హిందూపురమునకు నూరు కిలోమీటర్ల దూరమందున్న బెంగుళూరు పోవుదురు. కొందరు ధర్మవరమునుండి పాకాల మీదుగా కాట్పాడి చేరి, 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒకే మంచముతో ఆరంభించిన వేలూరు ఆస్పత్రికి పోవుదురు. కువైటునకు, సౌదీకి పనికి పోయి అక్కడనే జబ్బుపడిన రాయలసీమ బిడ్డలును కలరు. ఒకచోట కన్నడము, ఒకచోట తమిళము, ఒకచోట అరబ్బీ.

సరిహద్దు ఊళ్ళవారము గనుక మనలో అనేకులకు బజారు కన్నడము వచ్చును. కాని బజారు మాట వేరు, ఆస్పత్రి మాట వేరు. బేరమాడ వచ్చినంత మాత్రమున, ఏ మందు ఎన్ని పూటలో, ఆపరేషనులో ఏమి ప్రమాదమున్నదో, ఏ కాగితముమీద వేలిముద్ర వేయుచున్నామో తెలియదు. తెలియకున్నను తల యూపుదుము. మనకు అర్థమైనదని డాక్టరు అనుకొనును. మాట అర్థము తెలియనప్పుడు పలుకువాడును వినువాడును ఒకరికొకరు పరదేశులేనని పౌలు చెప్పిన సంగతి (1 కొరింథీ 14:11) ఆస్పత్రి మంచము ప్రక్కన ఎంత నిజము!

కొన్ని సంవత్సరముల క్రితము మన సంఘస్థుడొకడు బెంగుళూరు ఆస్పత్రిలో ఉండగా, కన్నడము తెలిసినవాడనని నన్ను పిలిచిరి. జబ్బు ముదిరినది, ఇక మందు పనిచేయదు, ఇంటికి తీసికొనిపోయి కావలసినవారిని చూపించుడని డాక్టరు చెప్పెను. అతని భార్య నా ముఖమువైపే చూచుచుండెను. నాకు నోరు రాలేదు. “ఇంకా కొన్ని దినాలు చూడాలంటున్నారమ్మా” అంటిని. ఆ కొన్ని దినములు ఆమె అప్పుచేసి అక్కడనే యుండెను. దూరముననున్న కుమారునికి కబురు పోలేదు. వానిని చూడకయే తండ్రి కన్నుమూసెను. భూస్థాపన తరువాత ఆమె, “అయ్యగారూ, ఆ దినం డాక్టరు నిజంగా ఏం చెప్పినాడు?” అని అడిగెను. నేను తల వంచుకొంటిని.

గేహజీ పాపమును ఆ దినము నేను క్రొత్తగా చదివితిని. అతడు వెండిని ఆశించెననుట మనకు తెలిసినదే. అయితే దానిని పుచ్చుకొనకముందే అతడు ఎలీషా పలుకని మాటను ఎలీషా నోట పెట్టెను. నేను వెండి తీసికొనలేదు. కాని డాక్టరు పలుకని మాటను డాక్టరు నోట పెట్టితిని. జాలితో చేసితిని, అయినను అబద్ధమే.

అదే అధ్యాయములో మంచి మధ్యవర్తులును కలరు. ఆ చిన్నది తనకు తెలిసినంతే చెప్పెను, నిజము చెప్పెను. నయమాను కోపముతో మరలిపోవుచుండగా దాసులు దగ్గరకు వచ్చి, తండ్రీ అని పిలిచి, ప్రవక్త మాటను మార్చక, ఆయన గ్రహించునట్లు విడమరచి చెప్పిరి. మృదువుగా చెప్పుట వేరు, మార్చి చెప్పుట వేరు. వారి మాట విని అతడు యొర్దానులో దిగెను.

కాబట్టి ప్రతి సంఘములోను కన్నడము, తమిళము, అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు బాగుగా తెలిసినవారెవరో వ్రాసి ఉంచుకొందము. ఆస్పత్రికి పోయినవారు తెలుగు తెలిసిన నర్సు గాని ఉద్యోగి గాని ఉన్నారాయని మొదట అడుగవలెను. లేనియెడల మన సహోదరుడు వెంట పోవలెను; పోలేనప్పుడు ఫోనులోనైనను పలుకవలెను. కువైటులోని బిడ్డ కొరకు అక్కడి తెలుగు విశ్వాసులకు, భారత రాయబార కార్యాలయమునకు కబురు పంపవలెను.

ఈ పరిచర్య చేయువాడు ఏదియు దాచరాదు, ఏదియు కలుపరాదు. తనకే అర్థము కానిచో సిగ్గుపడక డాక్టరును మరల అడుగవలెను. చెప్పినదానిని ఇంటివారిచేత తిరిగి చెప్పించుకొనవలెను. రోగి సంగతి ఊరిలో చాటరాదు, కానుక పుచ్చుకొనరాదు. తల్లి మరణవార్తను పసిబిడ్డ నోట పలికింపరాదు. కఠినమైన మాట చెప్పవలసివచ్చినప్పుడు చెప్పి, వెళ్ళిపోక, ప్రక్కన కూర్చుండవలెను.

దేవునికిని నరులకును మధ్యవర్తి యొక్కడే, ఆయన క్రీస్తుయేసు (1 తిమోతి 2:5). తండ్రియొద్ద వినినదేదియు ఆయన మనకు దాచలేదు. మన పాపమును తెలియజేసెను, మన ప్రక్కనను నిలిచెను. ఆయన శిష్యులమైన మనము పరాయి ఊరి ఆస్పత్రి వసారాలో బిక్కముఖముతో నిలిచిన కుటుంబమునకు నమ్మకమైన నాలుకగా నుందుము గాక.

ప్రార్థన: ప్రభువా, మాకిచ్చిన భాషలు నీవే. వాటిని పొరుగువాని మంచము ప్రక్కన సత్యముతోను ప్రేమతోను వాడ నేర్పుము. ఆమేన్.